గేరు లేని లైసెన్సుతో గేరు బండి: ఒక ఎం.వి.ఓ.పి. కేసు పరిశీలన

గేరు లేని ద్విచక్ర వాహనం నడపడానికి మాత్రమే లైసెన్సు ఉన్న వ్యక్తి గేరు మోటార్ సైకిల్ నడిపి ప్రమాదం చేస్తే, గాయపడిన వారికి పరిహారం ఎవరు చెల్లించాలి, చివరికి ఆ భారం ఎవరి నెత్తిన పడుతుంది అన్న వివాదం మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునళ్లలో తరచూ తలెత్తుతుంది. నేను వాహన యజమాని తరఫున వాదించిన అలాంటి ఎం.వి.ఓ.పి. (మోటారు ప్రమాద పరిహారం కోసం ట్రిబ్యునల్‌లో వేసే పిటిషన్) ఒకదాన్ని ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా వివరిస్తున్నాను. కక్షిదారుల పేర్లు, ఊరి పేరు, బీమా సంస్థ పేరు ఇవ్వడం లేదు. బండి నడిపిన వ్యక్తి చట్టాన్ని ఉల్లంఘించాడా, గాయపడిన వ్యక్తికి బీమా సొమ్ము అందుతుందా, ఆ సొమ్మును బీమా సంస్థ తిరిగి యజమాని నుంచి వసూలు చేసుకోవచ్చా అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి వచ్చిన జవాబునే మిగతా రెండింటికీ అన్వయించడం వల్లే ఇలాంటి కేసుల్లో కుటుంబాలు అనవసరంగా నష్టపోతున్నాయని నా అభిప్రాయం.

ప్రమాదం, దాని పూర్వాపరాలు

2023 ఫిబ్రవరిలో, పల్నాడు ప్రాంతంలో మిర్చి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, చీకటి పడే వేళ ఈ ప్రమాదం జరిగింది. కోత కూలికి వెళ్లి ఇంటికి నడిచి వస్తున్న ఒక మహిళను, వెనుక నుంచి వచ్చిన నాలుగు గేర్ల వంద సీసీ మోటార్ సైకిల్ ఢీకొనడంతో ఆమె కుడి కాలి ఎముక రెండు చోట్ల విరిగింది. బండి నడిపిన యువకుడికి ఇరవై ఒక్క ఏళ్లు. బండి అతని మేనమామది. ఆయన మండల కేంద్రంలో పురుగు మందుల దుకాణం నడుపుతారు. ఆ సాయంత్రం ఒక రైతుకు ఇవ్వాల్సిన బిల్లు పుస్తకాన్ని పొరుగూరికి చేర్చి రమ్మని మేనల్లుడికి తాళం ఇచ్చి పంపారు.

యువకుడికి లైసెన్సు ఉంది. పద్దెనిమిదేళ్లు నిండిన కొద్ది నెలలకే తీసుకున్నాడు. అప్పట్లో ఇంట్లో ఉన్నది అమ్మ స్కూటరు ఒక్కటే కాబట్టి ఆ స్కూటరు మీదే పరీక్షకు హాజరై, ట్రాకు మీద ఎనిమిది వేసి ఉత్తీర్ణుడయ్యాడు. కార్డు మీద వాహన తరగతి ఎం.సి.డబ్ల్యూ.ఓ.జి. అని నమోదైంది. అంటే గేరు లేని మోటార్ సైకిల్. తర్వాత డిగ్రీ చదివే రోజుల్లో స్నేహితుల బళ్ల మీద క్లచ్చు, గేర్లు నేర్చుకున్నాడు. బండి బాగానే నడపగలడు. కానీ లైసెన్సుకు గేరు తరగతిని చేర్పించుకోలేదు.

పోలీసులు భారత శిక్షాస్మృతి 279, 338 సెక్షన్ల కింద కేసు నమోదు చేసి, తగిన లైసెన్సు లేకుండా నడిపినందుకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 181ను కూడా చేర్చారు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి ప్రమాదానికి సంబంధించిన సవివర నివేదికను ట్రిబ్యునల్‌కు సమర్పించాలి. ఈ కేసులో సమర్పించిన నివేదికలో లైసెన్సు నంబరు, చెల్లుబాటు తేదీ ఉన్నాయి గాని, ఏ తరగతి వాహనానికి జారీ అయింది అన్న వివరం లేదు. ఆ లోటును బీమా సంస్థ తరఫు న్యాయవాది పట్టుకున్నారు. రవాణా శాఖ కార్యాలయం నుంచి లైసెన్సు ఎక్స్‌ట్రాక్టు (రికార్డు నకలు) తెప్పించి, యజమాని తెలిసి తెలిసి అర్హత లేని వ్యక్తికి వాహనం అప్పగించాడని, అందువల్ల తమకు ఎలాంటి బాధ్యతా లేదని కౌంటరు (జవాబు పత్రం) వేశారు.

లైసెన్సు తరగతులు దేన్ని అనుమతిస్తాయి

ఈ కేసు అర్థం కావాలంటే 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని కొన్ని నిబంధనలను పక్కపక్కనే పెట్టి చదవాలి. సెక్షన్ 2(27) ప్రకారం రెండు చక్రాల మోటారు వాహనం ఏదైనా మోటార్ సైకిలే. విడదీయడానికి వీలున్న సైడ్ కారు తగిలించినా అది మోటార్ సైకిల్‌గానే ఉంటుంది. కాబట్టి మనం స్కూటీ, స్కూటరు, మోపెడ్, బైకు అని విడివిడిగా పిలిచేవన్నీ చట్టం దృష్టిలో ఒకే రకం వాహనాలు. సెక్షన్ 10(2) వీటిని లైసెన్సు కోసం రెండు తరగతులుగా విభజించింది. మొదటిది గేరు లేని మోటార్ సైకిల్, రెండోది గేరు ఉన్న మోటార్ సైకిల్.

మన దేశంలో ద్విచక్ర వాహన లైసెన్సుకు సంబంధించి ప్రధానమైన గీత ఇదొక్కటే. గేరు తరగతి ఉన్న వ్యక్తి వంద సీసీ బండి నడిపినా, వెయ్యి సీసీ దాటిన బండి నడిపినా చట్టరీత్యా తేడా లేదు. దీన్ని చాలామంది నమ్మరు. పెద్ద బళ్లకు వేరే లైసెన్సు ఉంటుందని అనుకుంటారు. అలాంటి మెట్ల పద్ధతి బ్రిటన్‌లో ఉంది. అక్కడ పదిహేడేళ్లకు ఏ1 తరగతి కింద 125 సీసీ, 11 కిలోవాట్ల పరిమితిలో ఉన్న బండి నడపవచ్చు. పంతొమ్మిదేళ్లకు ఏ2 తరగతి కింద 35 కిలోవాట్ల దాకా అనుమతి ఉంటుంది. పరిమితి లేని ఏ తరగతికి నేరుగా వెళ్లాలంటే ఇరవై నాలుగేళ్లు నిండాలి, ఏ2 మీద రెండేళ్లు గడిపిన వారికి ఇరవై ఒకటి చాలు. గేరు విషయంలో మాత్రం ఆ దేశపు ఆలోచన మనకు దగ్గరగానే ఉంది. ఆటోమేటిక్ బండి మీద పరీక్ష నెగ్గిన వారి లైసెన్సు ఆటోమేటిక్ బళ్లకే పరిమితం అవుతుంది. చదువుల కోసం అక్కడికి వెళ్లే మన పిల్లలు భారతీయ లైసెన్సు మీద పన్నెండు నెలల పాటు అందులో నమోదైన తరగతి వాహనాలనే నడపగలరు కాబట్టి, విమానం ఎక్కే ముందే కార్డు వెనుక ఏం రాసి ఉందో చూసుకోవడం అవసరం.

గేరు తరగతి, గేరు లేని తరగతి మధ్య దారి ఒక వైపు మాత్రమే తెరిచి ఉంటుంది. సెక్షన్ 9(6) ప్రకారం ఏ రకం వాహనానికి దరఖాస్తు చేశారో ఆ రకం వాహనం మీదే పరీక్ష జరగాలి. అయితే గేరు మోటార్ సైకిల్ పరీక్షలో నెగ్గిన వ్యక్తి గేరు లేని మోటార్ సైకిల్ పరీక్షలో కూడా నెగ్గినట్టే పరిగణించాలని అదే ఉపసెక్షన్‌లోని మినహాయింపు చెబుతుంది. తిరుగు దిశలో అలాంటి వెసులుబాటు లేదు. ఎం.సి.డబ్ల్యూ.జి., అంటే గేరు తరగతి ఉన్న వ్యక్తి యాక్టివా నడపవచ్చు, ఎం.సి.డబ్ల్యూ.ఓ.జి. మాత్రమే ఉన్న వ్యక్తి స్ప్లెండర్ నడపరాదు.

తరగతిని నిర్ణయించేది గేరు ఉందా లేదా అన్నదే గాని బండి ఆకారం కాదు. పాత బజాజ్ చేతక్ స్కూటరే అయినా ఎడమ చేతి పిడితో గేర్లు మార్చాల్సిన వాహనం కాబట్టి దానికి గేరు తరగతి కావాలి. పొలాల్లోకి ఎరువుల బస్తాలు మోసుకెళ్లే టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 చూడటానికి మొరటు బండి అయినా గేర్లు లేవు కాబట్టి గేరు లేని తరగతి సరిపోతుంది. బ్యాటరీ స్కూటర్లలో దాదాపు అన్నింటికీ గేర్లు ఉండవు. వాటికి ఎం.సి.డబ్ల్యూ.ఓ.జి. చాలు. అయితే బ్యాటరీ బండికి లైసెన్సే అక్కర్లేదని దుకాణాల్లో చెప్పే మాట అన్ని బళ్లకూ వర్తించదు. ముప్పై నిమిషాల శక్తి (మోటారు అరగంట పాటు ఇవ్వగల సగటు శక్తి) 0.25 కిలోవాట్ల కంటే తక్కువగా ఉండి, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న బండికి మాత్రమే ఆ మినహాయింపు ఉంది. రోడ్డు మీద కార్లతో పాటు పరుగెత్తే బ్యాటరీ స్కూటరు ఏదీ ఆ నిర్వచనంలో ఇమడదు.

వయసు విషయానికి వస్తే, సెక్షన్ 4 ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండాలి. ఇంజను సామర్థ్యం 50 సీసీ మించని మోటార్ సైకిల్‌కు మాత్రం పదహారేళ్లు చాలు. ఇప్పుడు ఇళ్లలో ఉన్న స్కూటర్లు 110, 125 సీసీ ఇంజన్లవి కాబట్టి, పదహారేళ్ల పిల్లల చేతికి స్కూటీ తాళం ఇవ్వడానికి ఈ మినహాయింపు ఏమాత్రం ఆధారం కాదు. పైగా 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 199ఎ కింద మైనరు నేరం చేస్తే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా, వాహన రిజిస్ట్రేషన్ పన్నెండు నెలల పాటు రద్దు, ఆ పిల్లవాడికి ఇరవై ఐదేళ్లు వచ్చే దాకా లైసెన్సు లేకపోవడం అనే పరిణామాలు ఉంటాయి. తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చేసరికి చాలా కేసుల్లో ఈ సెక్షన్ కింద కేసు నమోదై ఉంటుంది. అప్పుడు చేయగలిగింది తక్కువ.

యజమాని తరఫున తీసుకున్న వైఖరి

మా వద్దకు వచ్చేసరికి మేనమామ సగం ధైర్యం కోల్పోయి ఉన్నారు. లైసెన్సు చెల్లదు కాబట్టి మొత్తం మీరే కట్టాలని ఊళ్లో నలుగురూ చెప్పారు. సెక్షన్ 5 ఉల్లంఘన కింద, అంటే అర్హత లేని వ్యక్తిని బండి నడపనిచ్చినందుకు సెక్షన్ 180 కింద కేసు కూడా పడవచ్చని, కోర్టులో ఒప్పుకుని జరిమానా కట్టేస్తే తలనొప్పి వదిలిపోతుందని ఇంకెవరో సలహా ఇచ్చారు. ఈ సలహా చాలా ప్రమాదకరమైనది. సెక్షన్ 180 కింద శిక్ష మూడు నెలల దాకా జైలు లేదా 5 వేల రూపాయల జరిమానా లేదా రెండూ. జరిమానా మొత్తం చిన్నదే కావచ్చు, కానీ నేరం ఒప్పుకున్న ఆ ఉత్తర్వు ధ్రువీకృత ప్రతిని బీమా సంస్థ ట్రిబ్యునల్‌లో దాఖలు చేస్తే, యజమాని తెలిసే బండి ఇచ్చాడనడానికి అదే సాక్ష్యమవుతుంది. పోలీసులు చివరికి అభియోగపత్రంలో సెక్షన్ 180 చేర్చలేదు. ఆ సంగతిని మేము ట్రిబ్యునల్ దృష్టికి తీసుకువచ్చాం.

మేనల్లుడి విషయంలో మాత్రం సెక్షన్ 181 నేరాన్ని వాదించడం వృథా అని మొదటి రోజే చెప్పాను. సెక్షన్ 2(10) డ్రైవింగ్ లైసెన్సును నిర్వచిస్తూ, మోటారు వాహనాన్ని గాని నిర్దిష్ట తరగతికి చెందిన మోటారు వాహనాన్ని గాని నడపడానికి ఇచ్చే అధికారం అంటుంది. అతని అధికారం గేరు లేని తరగతికే ఉంది. దాన్ని కాదనే వాదన చేస్తే మిగతా వాదనల విలువ కూడా తగ్గిపోతుంది. అందుకే లైసెన్సు నేరాన్ని ఒప్పుకుని జరిమానా చెల్లించి, నిర్లక్ష్యంగా నడిపాడన్న 279, 338 అభియోగాలను మాత్రం విడిగా ఎదుర్కొన్నాడు. ట్రిబ్యునల్‌లో వేసిన కౌంటరులో కూడా, ఆ తరగతికి లైసెన్సు లేదన్న వాస్తవాన్ని దాచకుండా రాశాం.

అసలు పోరాటం మూడో ప్రశ్న మీద, అంటే బీమా సంస్థ యజమాని నుంచి సొమ్ము వసూలు చేసుకోవచ్చా అన్న దాని మీద జరిగింది. బీమా సంస్థ తప్పించుకోవడానికి చట్టం అనుమతించిన కారణాలు పూర్వం సెక్షన్ 149(2)లో ఉండేవి. 2022 ఏప్రిల్ 1 నుంచి అవి సెక్షన్ 150(2)లోకి వచ్చాయి. అందులో తగిన లైసెన్సు లేని వ్యక్తి నడపడం ఒకటి. అయితే ఈ కారణాన్ని ఎలా అన్వయించాలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2004 జనవరి 5న నేషనల్ ఇన్సూరెన్స్ వర్సెస్ స్వరణ్ సింగ్ కేసులో వివరంగా చెప్పింది. లైసెన్సు లేదని లేదా చెల్లదని చూపినంత మాత్రాన సరిపోదు. షరతు ఉల్లంఘనలో యజమాని తప్పు ఉందని, అతను తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోలేదని బీమా సంస్థే నిరూపించాలి. ఒక రకం వాహనానికి లైసెన్సు ఉండి మరో రకం నడిపిన కేసులను ప్రస్తావిస్తూ, గేరు లేని మోటార్ సైకిల్ లైసెన్సుదారు తనకు అనుమతి లేని వాహనం నడపడాన్ని కూడా ఆ తీర్పు ఉదాహరణల్లో చేర్చింది. అలాంటప్పుడు ఆ లైసెన్సు లోపమే ప్రమాదానికి ప్రధాన కారణమా లేక దోహదం చేసిన కారణమా అన్నది సాక్ష్యాన్ని బట్టి ట్రిబ్యునల్ తేల్చాలని చెప్పింది.

అంటే మేము రెండు విషయాలు చూపించాలి. ఒకటి, మేనమామ తన వంతు జాగ్రత్త తీసుకున్నాడని. రెండు, ప్రమాదానికీ గేర్లకూ సంబంధం లేదని. నిరూపణ భారం బీమా సంస్థ మీదే ఉన్నా, చేతులు ముడుచుకుని కూర్చుంటే ఆ భారం మెల్లగా మన వైపు జారుతుంది. యజమాని సాక్షి బోను ఎక్కకపోతే, ఆయన మౌనాన్నే బీమా సంస్థ వాదనగా మార్చుకుంటుంది. ఈ రకం కేసుల్లో యజమానులు కౌంటరు కూడా వేయకుండా ఎక్స్‌పార్టీగా (కోర్టుకు హాజరుకాని పక్షంగా) మిగిలిపోవడం నేను చూసే అతి పెద్ద నష్టం. బీమా ఉంది కదా, వాళ్లే చూసుకుంటారని ఊరుకుంటారు. ఈ అంశం మీద మాత్రం బీమా సంస్థ, యజమాని ఎదురెదురు పక్షాలు.

సాక్ష్యం

మేనమామను ఆర్‌డబ్ల్యూగా (ప్రతివాది పక్ష సాక్షిగా) విచారించాం. మేనల్లుడు చెల్లెలిని స్కూటరు మీద కాలేజీకి దింపి రావడం ఆయన రోజూ చూసేవారు. దుకాణం పనికి బండి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు లైసెన్సు ఉందా అని అడిగారు. కుర్రవాడు ఫోనులో కార్డు ఫొటో చూపించాడు. ఆ ఫొటో కార్డు ముందు వైపుది. ఏకరూప నమూనాలో వచ్చిన ఆ కార్డు ముందు వైపున ఫొటో, పేరు, పుట్టిన తేదీ, చెల్లుబాటు గడువు ఉన్నాయి. వాహన తరగతి, కోడు, ఆ తరగతి జారీ అయిన తేదీ వెనుక వైపున చిన్న పట్టికలో ఉన్నాయి. చెల్లుబాటు తేదీ చాలా దూరంలో ఉండటం చూసి ఆయన సంతృప్తి చెందారు. కార్డు రెండు వైపుల ప్రతులనూ ఎగ్జిబిట్లుగా వేసి, ఆయన చూసింది ఏది, చూడనిది ఏది అన్నది న్యాయమూర్తికి కళ్లకు కట్టేలా చూపించాం.

బీమా సంస్థ న్యాయవాది క్రాస్‌లో (ఎదురు విచారణలో) గట్టిగానే ప్రశ్నించారు. వ్యాపారం చేసే మీకు కాగితం రెండు వైపులా చదవాలని తెలియదా అని అడిగారు. మేనమామ తడుముకోకుండా, లైసెన్సులో గేరుకు, గేరు లేని దానికి తేడా ఉంటుందని తనకు తెలియదని, తెలిస్తే ఇచ్చేవాడిని కానని చెప్పారు. చట్టం తెలియకపోవడం సాకు కాదన్న వాదన దీనికి వెంటనే వచ్చింది. దానికి మా జవాబు ఏమిటంటే, ఇక్కడ ప్రశ్న ఆయన నేరం చేశాడా అన్నది కాదు, బీమా ఒప్పందపు షరతును బుద్ధిపూర్వకంగా ఉల్లంఘించాడా అన్నది. యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ వర్సెస్ లేహ్రూ కేసులో 2003లో సుప్రీంకోర్టు, పైకి సక్రమంగా కనిపించే లైసెన్సును చూసి, నడిపే వ్యక్తి సామర్థ్యం గురించి సంతృప్తి పడిన యజమాని రవాణా కార్యాలయాలకు వెళ్లి విచారణ చేయాలని ఆశించలేమని చెప్పింది. అది నకిలీ లైసెన్సు కేసు. మా కేసులో తరగతి కార్డు మీదే ఉంది కాబట్టి ఆ తీర్పు పూర్తిగా అతకదని నాకు తెలుసు. అందుకే దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోలేదు.

రవాణా కార్యాలయం నుంచి వచ్చిన జూనియర్ అసిస్టెంటు ఎక్స్‌ట్రాక్టును రుజువు చేశారు. క్రాస్‌లో మూడు ప్రశ్నలకే పరిమితమయ్యాను. రెండు తరగతులూ మోటార్ సైకిల్ కిందికే వస్తాయా అంటే అవునన్నారు. లెర్నర్ లైసెన్సు కోసం అడిగే రోడ్డు నియమాలు, గుర్తుల పరీక్ష రెండింటికీ ఒకటేనా అంటే ఒకటేనన్నారు. ఈ వ్యక్తిని లైసెన్సు పొందకుండా ఎప్పుడైనా అనర్హుడిగా ప్రకటించారా అంటే లేదన్నారు.

ప్రమాదానికి కారణం విషయంలో మాకు ఎక్కువగా ఉపయోగపడింది సంఘటనా స్థలపు రఫ్ స్కెచ్చు. రోడ్డు ఎడమ అంచున మిర్చి బస్తాలు వేసిన ట్రాక్టరు ట్రక్కు ఆగి ఉంది. దానికి వెనుక లైటు లేదు, రిఫ్లెక్టరు స్టిక్కరు లేదు. ఎదురుగా లారీ పెద్ద లైట్లతో వస్తోంది. ట్రక్కును తప్పించుకుని ఎడమకు తిరిగి వచ్చే చోట, దాని ముందు నుంచి నడుస్తున్న మహిళ ఉంది. తారు మీద బ్రేకు వేసిన జాడ స్పష్టంగా ఉంది. బండిని పరిశీలించిన మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు యాంత్రిక లోపం లేదని నివేదిక ఇచ్చారు. బండి నడిపిన వ్యక్తి వేగం తగ్గించకుండా ట్రక్కును దాటాడు. అది నిర్లక్ష్యమే, దాన్ని మేము కూడా కాదనలేదు. కానీ స్కూటరు మీద అదే వేగంతో వచ్చినా అదే ప్రమాదం జరిగేది. క్లచ్చు వదలడంలో గాని, గేరు మార్చడంలో గాని తడబాటు ఉన్నట్టు ఏ సాక్షీ చెప్పలేదు.

ఇదే కేసులో బండి నిలబడి ఉండగా క్లచ్చు ఒక్కసారిగా వదిలేసి ముందుకు దూకి ఎవరినైనా ఢీకొట్టి ఉంటే ఫలితం పూర్తిగా మారేది. స్ప్లెండర్‌లో గేర్లన్నీ ముందుకు నొక్కితే పడతాయి, పల్సర్‌లో మొదటి గేరు కిందికి, మిగతావి పైకి పడతాయి. ఒకదానికి అలవాటు పడిన కాలు రెండో దాని మీద తప్పు గేరు వేయడం అరుదేమీ కాదు. గేరు అసలు నేర్వని వ్యక్తి విషయంలో చెప్పనక్కరలేదు. అలాంటి సాక్ష్యం ఉన్న చోట, బీమా సంస్థ ముందు చెల్లించి తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకోవాలనే ఉత్తర్వు వస్తుందనే నేను కక్షిదారుకు చెబుతాను.

తీర్పు

ట్రిబ్యునల్ 2025లో ఇచ్చిన తీర్పులో మూడు ప్రశ్నలనూ విడివిడిగా తేల్చింది. నడిపిన వ్యక్తికి ఆ తరగతికి లైసెన్సు లేదన్నది రుజువైందని చెప్పింది. అయినా ఆ లోపం ప్రమాదానికి కారణమని గాని, దోహదం చేసిందని గాని బీమా సంస్థ చూపలేకపోయిందని పేర్కొంది. కార్డు వెనుక వైపు చూడకపోవడం యజమాని అజాగ్రత్తే అయినా, తెలిసి చేసిన ఉల్లంఘన స్థాయికి రాదని అభిప్రాయపడింది. పరిహారాన్ని 7.5 శాతం వడ్డీతో బీమా సంస్థే చెల్లించాలని, యజమాని నుంచి వసూలు చేసుకునే హక్కు లేదని ఆదేశించింది. బీమా సంస్థ అప్పీలు వేయకుండా సొమ్ము డిపాజిట్ చేసింది. ఆ మహిళ పొలం పనులకు తిరిగి వెళ్లలేని స్థితిలో ఉన్నందున, ఆమెకు సొమ్ము ఆలస్యం లేకుండా అందడం ఈ కేసులో నాకు అన్నింటికంటే ఎక్కువ ఊరటనిచ్చిన విషయం.

అదే తీర్పు మిగతా నష్టాలను పూడ్చలేదు. బండికి ప్యాకేజీ పాలసీ (సొంత బండి నష్టానికి కూడా వర్తించే బీమా) ఉన్నా, మరమ్మతు ఖర్చుల క్లెయిమును బీమా సంస్థ తిరస్కరించింది. పాలసీలోని డ్రైవరు క్లాజు ప్రకారం ప్రమాద సమయంలో నడిపే వ్యక్తికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. మూడో వ్యక్తికి, అంటే ప్రమాదంలో గాయపడిన బయటి వారికి చట్టం ఇచ్చే రక్షణ బండి మరమ్మతుకు వర్తించదు. మొత్తం చిన్నది కావడంతో వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవద్దని నేనే సలహా ఇచ్చాను. మేనల్లుడి మణికట్టు కూడా విరిగింది. తన నిర్లక్ష్యానికి తానే క్లెయిము చేసుకోలేడు. యజమాని, డ్రైవరు వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షల రూపాయల దాకా ఉన్నా అది నమోదిత యజమాని స్వయంగా, చెల్లుబాటయ్యే లైసెన్సుతో నడిపినప్పుడే వర్తిస్తుంది కాబట్టి అతనికి ఏమీ రాలేదు.

ఇలాంటి కేసులు చేసే సహ న్యాయవాదులకు

2024 నవంబరు 6న బజాజ్ అలయన్జ్ వర్సెస్ రంభాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పును ఈ మధ్య ద్విచక్ర వాహన కేసుల్లో కూడా ఉదహరిస్తున్నారు. ఆ తీర్పు, తేలికపాటి మోటారు వాహన లైసెన్సు ఉన్న వ్యక్తి 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ప్రత్యేక ఎండార్స్‌మెంటు (లైసెన్సు మీద అదనపు అనుమతి నమోదు) లేకుండా నడపవచ్చా అన్న ప్రశ్నకు సంబంధించింది. గేరు, గేరు లేని తరగతుల మధ్య గీతను అది చెరిపివేయలేదు. దాన్ని లాగి ఇక్కడ అతికిస్తే ఎదుటి పక్షానికి సులువైన జవాబు దొరుకుతుంది. మన బలం స్వరణ్ సింగ్ తీర్పులోనే ఉంది. అద్దె బళ్ల కేసుల్లో కూడా సెక్షన్ 3(1) మినహాయింపు వల్ల పర్యాటకుడికి రవాణా వాహన ఎండార్స్‌మెంటు అక్కర్లేదు గాని, గేరు బండి అద్దెకు తీసుకుంటే గేరు తరగతి మాత్రం ఉండాల్సిందే.

యువకుడు కోర్టు పనులు నడుస్తుండగానే సెక్షన్ 11 కింద తన లైసెన్సుకు గేరు తరగతిని చేర్పించుకున్నాడు. దానికి ఆ తరగతికి లెర్నర్ లైసెన్సు తీసుకుని, కనీసం ముప్పై రోజులు గడిచాక గేరు బండి మీద పరీక్షకు హాజరు కావాలి. వరుసగా మూడుసార్లు తప్పితే, చివరి పరీక్ష తర్వాత అరవై రోజులు ఆగాలి. ఈ లెర్నర్ లైసెన్సు దశకు ఉన్న విలువను చాలామంది గుర్తించరు. పాలసీ డ్రైవరు క్లాజు, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని మూడో నిబంధనను పాటించే లెర్నర్ లైసెన్సుదారును కూడా అనుమతిస్తుంది. తెల్లని నేపథ్యం మీద ఎర్రటి ఎల్ అక్షరం బండికి ముందూ వెనుకా ఉండాలి, నేర్పేవారిని తప్ప మరెవరినీ వెనుక ఎక్కించుకోరాదు. ఆ కాగితం ఒక్కటి అతని దగ్గర ఉండి, ఆ నియమాలు పాటించి ఉంటే, మేము గేరు తరగతి లోపం గురించి ఇంత కాలం వాదించాల్సి వచ్చేది కాదు.

కొత్తగా చేర్చిన తరగతి దాని జారీ తేదీ నుంచే అమల్లోకి వస్తుంది, ప్రమాద తేదీకి వెనక్కి వెళ్లదు. కార్డు వెనుక పట్టికలో ప్రతి తరగతికి విడిగా తేదీ ఉంటుంది. అందుకే యజమాని తరఫున వకాలత్ తీసుకున్న రోజే, ఎక్స్‌ట్రాక్టు కోసం దరఖాస్తు చేసేటప్పుడు తరగతి వారీ జారీ తేదీలతో ఇవ్వాలని రాతపూర్వకంగా కోరాలి. ఎక్స్‌ట్రాక్టు చేతికి వచ్చాకే కౌంటరు రాయాలి.